తుంగభద్ర ఎడమ కాలువ, మన క్యాంపులు, బస్తాల లెక్క

కర్ణాటకలో గంగావతి నుంచి కారటగి మీదుగా సింధనూరు వెళ్లే దారిలో కన్నడ బోర్డుల కింద ఈరోజుకీ గోదావరి యాస వినిపిస్తుంది. తుంగభద్ర ఎడమ కాలువ నీటి కోసం కోస్తా నుంచి వచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న ఊళ్లే ఈ క్యాంపులు. శ్రీరామ్‌నగర్, గాంధీనగర్ లాంటి పెద్ద క్యాంపులు సరే, నలభై గడపలు కూడా లేని చిన్న క్యాంపులు కాలువ వెంబడి ఎన్నో. తిన్నని వీధులు, నడిమధ్య రాములవారి గుడి, కొన్నిచోట్ల చర్చి, ఊరి చివర ఉమ్మడి కళ్లం, ఆ వెనకే ఉపకాలువ. సంక్రాంతికి ముగ్గులు, దసరాకి కన్నడ పాటలు. కోస్తా నుంచి వచ్చిన మొదటి తరంలో ఇంకా మిగిలినవాళ్లు కొద్దిమందే. వాళ్ల చేతుల్లో తయారైన నేల గురించి, ఆ నేల ఎవరి ఇంటికి ఎంత రాబడి తెచ్చింది, ఎవరి ఇంటికి తేలేకపోయింది అన్న దాని గురించి ఒకచోట రాసిపెట్టుకోవడం అవసరం. ప్రాజెక్టుల గురించి చదివితే టీఎంసీలూ హెక్టార్లూ కనిపిస్తాయి కానీ ఇంటి లెక్క కనిపించదు.

తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న ఎడమ ఒడ్డున నిజాం తరఫున బేరార్ యువరాజు, కుడి ఒడ్డున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పునాదిరాయి వేశారు. మద్రాసు వైపు పని నడిపించిన ఇంజనీరు తిరుమల అయ్యంగార్. సిమెంటు కాంక్రీటు కాదు, రాతికట్టుబడి, సున్నం-సుర్కీ (ఇటుకపొడి) అడుసు. 33 గేట్లు. 1953 జూలైలో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లా కోసం. 1956లో ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. కాలువ పొడవు 227 కిలోమీటర్లు, దాని కింద దాదాపు ఆరు లక్షల ఎకరాల ఆయకట్టు.

ఈ ఆయకట్టు వేసినవాళ్ల ఉద్దేశం ఏమిటన్నది ముందు గుర్తుంచుకోవాలి. రాయచూరు కరువు సీమ. వరి కోసం కాదు, కరువు తగ్గించడానికి ఈ నీళ్లు. కొంచెం నీటిని ఎక్కువమందికి పలచగా పంచాలన్నది లెక్క. అందుకే ప్రతి సర్వే నంబరుకూ ఏ పంట వేయాలో ముందే రాసిపెట్టారు. దీన్ని లోకలైజేషన్ అన్నారు. ఈ నంబరుకు ఖరీఫ్ ఆరుతడి, ఆ నంబరుకు రబీ ఆరుతడి, ఇంకోదానికి రెండు కార్ల పత్తి, ఎక్కడో కొద్దిచోట్ల వరి, చెరుకు, తోట. జొన్న, సజ్జ, వేరుశనగ, పత్తి ఎండిపోకుండా అయిదారు తడులు అందితే చాలని కాలువల సైజూ తూముల సైజూ ఆ ప్రకారమే కట్టారు. తరవాత వచ్చిన మంచికీ చెడుకీ మూలం ఇక్కడే ఉంది.

నీళ్లు వచ్చినా మొదటి కొన్నేళ్లు స్థానిక రైతులు వాటి జోలికి పెద్దగా వెళ్లలేదు. దాన్ని కొందరు బద్ధకం అన్నారు. అది చాలా తప్పు మాట. నల్లరేగడిలో వానాకాలం నేలను ఊరబెట్టి, సెప్టెంబరు చివర్లో జొన్న విత్తి, మంచు తేమతో పండించుకునే పద్ధతి వాళ్లది. పెట్టుబడి దాదాపు లేదు: విత్తనం ఇంట్లోది, ఎడ్లు ఇంట్లోవి. అదే నేలకు నీరు పెట్టాలంటే ముందు చదును చేయాలి, గట్లు వేయాలి, బోదెలు తవ్వాలి. దానికి అప్పు కావాలి. పైగా ప్రభుత్వానికి అభివృద్ధి పన్ను, నీటి తీరువా. రేగడి జొన్నకు నీరు ఎక్కువైతే వేరు కుళ్లి పసుపెక్కుతుంది, నేలలో కాలు పెట్టలేక కలుపు తీయలేరు. నూరు, నూటయాభై ఎకరాల మెట్ట ఉన్న గౌడకు (కన్నడ ఊళ్లలో పెద్దరైతు) ఇంత తంటా పడాల్సిన పని కనిపించలేదు. పదెకరాల వాడికి డబ్బు లేదు. కాలువలో నీళ్లు పారుతుంటే పక్క చేను ఎండుతూ ఉండేది, అధికారులకేమో ప్రాజెక్టు మీద పెట్టిన డబ్బు తిరిగి రావాలి.

అప్పుడు కోస్తా నుంచి మనవాళ్లు వచ్చారు. ఇది మొదటిసారేమీ కాదు. అంతకు ముందే నిజాంసాగర్ కిందికి గుంటూరు, కృష్ణా రైతులు వెళ్లి ఉన్నారు, ఆ కబుర్లు ఇళ్లలో ఉన్నాయి. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే ఇక్కడ అయిదారు ఎకరాలు, కాలువకు ఎడంగా అయితే ఇంకా ఎక్కువే వచ్చేది. నలుగురు అన్నదమ్ములకు ఎనిమిదెకరాలున్న ఇంట్లో పంపకాలయ్యాక మనిషికి రెండెకరాలు. ఆ రెండూ అమ్ముకుని వచ్చినవాడు ఇక్కడ పదిపన్నెండు ఎకరాల ఆసామి. సొమ్ము చాలకపోతే ఆడవాళ్ల నగలు కరిగాయి. రైతులతోపాటు పాలేర్లూ, ఊడ్పుల కూలీలూ కుటుంబాలతో వచ్చారు. క్యాంపుల చరిత్ర చెప్పేటప్పుడు వాళ్ల పేట గురించి ఎవరూ చెప్పరు, కానీ మొదటి మడులు తొక్కిన కాళ్లు ఎక్కువ వాళ్లవే.

నేల తయారీ ఎలా జరిగిందో చూసినవాళ్లకు తప్ప తెలియదు. ముందు సర్కారు తుమ్మ, ముళ్లకంప కొట్టి వేళ్లతో సహా పీకాలి. వేరు తెగి లోపల ఉండిపోతే ఏడాదిలో మళ్లీ లేస్తుంది. వేసవిలో లోతుగా దున్ని పెళ్లలు ఎండనివ్వాలి. అప్పుడు వాలు చూసుకోవాలి. కొలిచే యంత్రాలు ఎవరి దగ్గరా లేవు. బోదె నుంచి కొంచెం నీరు వదిలి, అది ఎటు పరిగెడుతుందో, ఎక్కడ ఆగుతుందో చూసి మేకులు పాతేవారు. వాలుకు అడ్డంగా గట్లు వేసుకుంటూ వెళ్లి, వాలు ఎక్కువైన చోట పావు ఎకరం మడులు, తక్కువైన చోట అర ఎకరం మడులు చేసేవారు. ఎడ్లకు కట్టిన ఇనప పలకతో మెరక మన్ను పల్లానికి లాగడం. రోజంతా రెండు జతల ఎడ్లు తిరిగినా తరిగేది కొద్దిపాటే. తరవాత్తరవాత ట్రాక్టరు వెనక బ్లేడూ, డోజర్లూ వచ్చాయి.

ఇందులో చాలామందిని దెబ్బతీసింది ఒకటుంది. మెరకను ఒక్కసారిగా గీకేస్తే పైనున్న సారవంతమైన నల్లమన్ను మొత్తం పల్లంలోకి పోయి, మెరకలో కింది సుద్దమన్ను బయటపడుతుంది. ఆ చోట వరి పసుపుగా, జానెడు ఎత్తున నిలిచిపోతుంది, పల్లంలో మాత్రం ఏపుగా పెరిగి పడిపోతుంది. ఒకే మడిలో రెండు పంటలున్నట్టు కనిపించేది. తెలిసినవాళ్లు ముందు పైమన్ను జానెడు మందాన ఒక పక్కకు కుప్పవేసి, కింది మన్ను సరిచేసి, మళ్లీ పైమన్ను పరిచేవారు. కూలి రెట్టింపవుతుంది కానీ మొదటి పంటకే గింజ కనిపిస్తుంది. అంత ఓపిక లేనివాళ్లు ఎకరానికి బళ్లకొద్దీ పశువుల ఎరువూ చెరువుమట్టీ తోలి రెండుమూడేళ్లు ఎదురు చూశారు.

రేగడి గట్టు ఎండితే బీటలు వారుతుంది. చెయ్యి దూరేంత బీట. కొత్త మడికి మొదటిసారి నీరు పెట్టిన రాత్రి గట్టు కిందనుంచి నీరంతా పక్కమడికి పోవడం ప్రతి ఇంట్లో జరిగినదే. గట్టును తడిపి, తొక్కి, అడుసుతో మెత్తి, మళ్లీ ఎండకుండా చూసుకుంటూ రెండు పంటలు గడిస్తే తప్ప గట్టు కుదరదు. కుదిరిన గట్టు మీద కంది, బెండ, గోంగూర గింజలు వేసేవాళ్లు ఆడవాళ్లు. కూర కొనే అవసరం లేని ఇల్లు అలా మొదలైంది.

ఇక రాబడి. రూపాయల్లో చెబితే ఏ ఏడు ఏ ధరో అని తగువు వస్తుంది కాబట్టి, క్యాంపుల్లో చెప్పుకున్నట్టే బస్తాల్లో చెప్పుకుందాం. బస్తా అంటే 75 కిలోలు. పాత పొడవు రకాలతో, కొత్త నేలలో ఎకరానికి పదిహేను బస్తాలంటే గొప్ప. పొట్టి రకాలు, ఐఆర్-8 లాంటివి, యూరియా వచ్చాక పాతికకు పైన పోయింది. కాలువలో నీళ్లు జూలై నుంచి నవంబరు దాకా ఒక పంటకు, మళ్లీ చలికాలం నుంచి మార్చి చివర, ఏప్రిల్ మొదలు దాకా ఇంకో పంటకు. సార్వా, దాళ్వా రెండూ పడితే ఎకరం మీద ఏడాదికి యాభై బస్తాల పైచిలుకు. పాత జొన్న చేను ఎకరానికి మూడునాలుగు బస్తాలు ఇచ్చిన నేల అది. పదెకరాల క్యాంపు ఇంట్లో ఇరవయ్యేళ్లలో రైసుమిల్లు వాటాలూ, ట్రాక్టర్లూ, ఇంజనీరింగు చదువులూ ఎలా వచ్చాయో ఈ ఒక్క తేడాలో అర్థమవుతుంది.

వడ్లు ఒక్కటే చూసినవాళ్లు ఇంటి లెక్కలో సగమే చూసినట్టు. రెండు పంటల గడ్డి ఇంటికి రావడంతో ముర్రా గేదెలు వచ్చాయి. పాల డబ్బు ఆడవాళ్ల చేతికి, వారంవారం. పంట డబ్బు ఆరునెలలకోసారి వచ్చి అప్పులవాళ్ల చేతుల్లోకి పోయేది, ఇల్లు నడిచింది పాల మీద. చైను హార్వెస్టర్లు వచ్చాక కోత మూడు గంటల్లో అయిపోతోంది కానీ గడ్డి నలిగి, బురదలో కలిసి, మేతకు పనికిరాకుండా పోతోంది. దాంతో చాలా ఇళ్లలో గేదెలు తగ్గాయి. కోత ఖర్చు తగ్గిందని రాసుకునేవాళ్లు పోయిన పాల డబ్బును ఎదుటి పేజీలో రాయడం మరిచిపోతారు.

మన బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన సన్నరకాలు ఈ సీమ రూపం మార్చాయి. సోనా మసూరి, 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) ఇక్కడి రేగడిలో, కాలువ నీటిలో బాగా కుదిరాయి. గంగావతి, కారటగి, సింధనూరు మిల్లుల సన్నబియ్యానికి బెంగళూరు నుంచి ముంబయి దాకా పేరు. సాంబ మసూరి నూటయాభై రోజుల దాకా నేల మీద ఉంటుంది. సుడిదోమ పురుగుకు, మెడవిరుపు తెగులుకు తట్టుకోదు. తిండికి అంత మంచి రకం కాబట్టి ధర ఎక్కువ, మందుల ఖర్చూ ఎక్కువే. నత్రజని పెంచినకొద్దీ దోమ పెరుగుతుంది, దోమకు మందు కొడితే దోమను తినే సాలెపురుగులూ పోతాయి, ఇంకోసారి కొట్టాలి. గింజ కట్టే వేళ మడి మధ్యన గుండ్రంగా కాలినట్టు మచ్చ కనిపించిందంటే అప్పటికే పది బస్తాలు పోయినట్టు. రెండు మీటర్లకొక పాయ, తూర్పు పడమరలుగా, 20 సెంటీమీటర్ల వెడల్పున తీయండని చెబుతూనే వచ్చారు. కౌలుకు చేసేవాడు ఆ బాటల్లో మొక్కలు పోతాయని వెనకాడతాడు, మొదలు దగ్గర గాలి ఆడక దోమ ముందు అతని మడిలోనే చేరుతుంది.

స్థానికుల ఇళ్ల సంగతి చెప్పకుండా ఇది పూర్తికాదు. భూములు అమ్మిన ఇళ్లు రకరకాలు. పెద్ద కమతం ఉన్నవాళ్లు కొంత అమ్మి, ఆ డబ్బుతో మిగిలినదాన్ని మడులు చేసుకుని, మనవాళ్ల దగ్గర ఊడ్పూ, దమ్మూ (మడిని నీటితో బురదగా దున్నడం) నేర్చుకుని రెండో తరానికల్లా మనకంటే బాగా చేశారు. చిన్నకమతాల వాళ్లు అయిదారు ఎకరాలు మొత్తం అమ్మేసి, పెళ్లికో అప్పుకో అయిపోయాక, ఒకప్పటి తమ చేలోనే ఊడ్పులకు వచ్చారు. ఎకరం విలువ పెరిగిన లాభం అమ్మినవాడికి కాదు, కొన్నవాడికి దక్కింది. అయితే కూలి దినాలు పెరిగాయి. జొన్న చేలో ఏడాదికి రెండు నెలల పని దొరికే మనిషికి ఊడ్పులు, కలుపు, కోత, నూర్పిడి కలిపి రెండు పంటల మీద ఆరేడు నెలల పని. చుట్టుపక్కల మెట్ట ఊళ్ల నుంచి ఆడవాళ్లు బళ్లలో, తరవాత టెంపోల్లో గుంపులుగా వచ్చి ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుని నాటేవారు. ఆ టెంపోల్లోనే వాళ్ల ఇంటి రాబడి మారింది. సింధనూరు దగ్గర స్థిరపడిన బెంగాలీ కాందిశీకుల పునరావాస క్యాంపులు కూడా ఈ నీటి మీదే బతుకు కట్టుకున్నాయి.

ఇప్పుడు నీటి లెక్క. ఇది ఓపిగ్గా చదవండి, ఆయకట్టులో ఒక ఇంటికి ఎందుకు వచ్చింది, ఇంకో ఇంటికి ఎందుకు రాలేదు అన్నది దీనిలోనే ఉంది. ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు ఇరవైనాలుగు గంటలు పారితే పన్నెండు ఎకరాల మీద రెండంగుళాలు నిలుస్తుంది. నూరెకరాలకు ఒక క్యూసెక్కు తూము ఉందనుకోండి. జొన్నకు, పత్తికి పదిహేను, ఇరవై రోజులకోసారి తడి చాలు కాబట్టి ఎనిమిది తొమ్మిది రోజుల్లో నూరెకరాలూ ఒక చుట్టు తిరిగి తూముకు విశ్రాంతి కూడా ఉంటుంది. అదే వరికి రోజుకు దాదాపు పది మిల్లీమీటర్లు ఆవిరికీ ఇంకుడుకూ పోతుంది. బోదెలో పోయేది కూడా తీస్తే ఒక క్యూసెక్కు యాభై ఎకరాల వరిని మాత్రమే నిలబెడుతుంది. దమ్ము రోజులు ఇంకా కష్టం: ఎండిన రేగడి మడికి ఒకేసారి ఆరేడు అంగుళాలు కావాలి, అంటే రోజుకు మూడు, నాలుగు ఎకరాలే దమ్ముకు తయారవుతాయి. యాభై ఎకరాలకు పదిహేను రోజులు. కొట్లాటలన్నీ ఆ పదిహేను రోజుల్లోనే.

కాలువ ఎగువన ఉన్నవాళ్లు నూరెకరాలూ వరి వేశారు. ఎలాగంటే తూము గేటు తీసి పక్కన పడేశారు. తూము ముందు ఉపకాలువలో రాళ్లూ గడ్డీ ఇసుక బస్తాలూ అడ్డం పెట్టి నీటి మట్టం లేపారు, మట్టం లేస్తే అదే తూములోంచి ఎక్కువ నీరు వస్తుంది. రాత్రిపూట గట్టు మీదనుంచి రబ్బరు గొట్టాలు వేసి సైఫన్ చేశారు. తరవాత మోటార్లే పెట్టారు. కాలువ కాపలా చూసే లస్కరు ఒక్కడు, మైళ్ల కాలువ. మొదట్లో నీళ్లు వాడేవాళ్లే లేరు కాబట్టి ఎవరూ కాదనలేదు. నీటి తీరువాతోపాటు కొంచెం జరిమానా కట్టించుకుని వరికి ఒప్పుకున్నారు. పదేళ్లు అలా గడిచాక అది హక్కయి కూర్చుంది. ఆ తరవాత 1970ల్లో మునీరాబాద్ కేంద్రంగా ఆయకట్టు అభివృద్ధి సంస్థ, కాడా, వచ్చి బోదెలు, వారబందీ (వంతులవారీ నీటి పంపకం) మొదలుపెట్టినా, వారబందీ పలక మీద పేర్లు ఉండేవి, నీరు మాత్రం పాత దారినే పారేది.

ఒక ఎకరం వరి మూడు ఎకరాల జొన్నకు సరిపడే నీటిని తీసుకుంటుంది. ఈ వాక్యం రాయడానికి క్యాంపుల మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లకు మనసొప్పదు. కానీ ఎగువన రెండు పంటల వరి వేసిన ప్రతి ఇంటి వెనకా మాన్విలోనో రాయచూరు తాలూకాలోనో కాలువ చివర, శివారున, ఎండిన చేలున్నాయి. మన కష్టం అబద్ధం కాదు, ఆ నీరు వాళ్లదన్నదీ అబద్ధం కాదు.

శివారు ఇంటి రాబడి ఎలా కుంగుతుందో దగ్గరగా చూడాలి. కాలువకు జూలైలో నీరు వదిలితే ఎగువ దమ్ములన్నీ అయ్యాకే, ఆగస్టు నెలాఖరుకో సెప్టెంబరుకో శివారుకు చేరుతుంది. ఈలోపు బోరు నీటితో పోసుకున్న నారు ఇరవై అయిదు రోజులకు నాటాల్సింది నలభై అయిదు, యాభై రోజులకు ముదిరిపోతుంది. ముదురు నారు పిలకలు తొడగదు. కుదురుకు రెండుమూడు బదులు నాలుగైదు మొక్కలు పెట్టి, నత్రజనిలో ఎక్కువ భాగం దమ్ములోనే వేసి సర్దుకున్నా ఏడెనిమిది బస్తాల నష్టం. నవంబరు చివర్లో కాలువ కట్టేసే వేళకు శివారు చేను పాలుపోసుకునే దశలో ఉంటుంది. అక్కడ ఒక్క తడి తప్పితే తాలు. పెట్టుబడి ఎగువవాడితో సమానం, గింజ సగం. మెట్ట జొన్న వేసుకుని ఉంటే పెట్టుబడైనా పోయేది కాదు. నీరు వస్తుందన్న ఆశే అప్పు చేయించింది. ఆ అప్పు తీర్చడానికి సంక్రాంతి తరవాత బెంగళూరు మేస్త్రీల దగ్గరకు పోయే కుటుంబాలు ఆయకట్టు పటంలో సాగునీటి రైతులే. ఏటా శివారు రైతులు రోడ్డెక్కడం, కాలువ వెంట నిషేధాజ్ఞలు పెట్టడం, మోటార్లు తీయించడం మామూలైపోయింది.

ఎగువవాళ్లను కూడా ఆ నీరు ఊరికే ఉండనివ్వలేదు. మురుగు కాలువలు లేని రేగడిలో ఏడాదికి ఎనిమిది నెలలు నీరు నిలిపితే భూగర్భజలం పైకి వస్తుంది. అది నాలుగైదు అడుగుల లోపలికి వచ్చిందంటే వేసవిలో తేమ పైకి పాకి, ఆవిరైపోయి, ఉప్పు మిగులుస్తుంది. ముందు వాగులకు దగ్గర పల్లపు మడుల్లో తెల్లని పొర, అది పాలచౌడు. నీరు నల్లగా నిలిచి ఇంకకుండా, ఎండితే అట్టకట్టే నేల కారుచౌడు. రెండింటికీ ఒకే మందు వేసి నష్టపోయినవాళ్లు చాలామంది. పాలచౌడుకు జిప్సం అక్కర్లేదు. పాతిక సెంట్ల మడులు చేసి, గట్లు గట్టిగా వేసి, నాలుగు నుంచి ఆరు అంగుళాల మంచినీరు పెట్టి నాలుగైదు రోజులు నిలిపి, మురుగు కాలువలోకి తీసేయాలి. అలా మూడు నాలుగు సార్లు. పక్కమడిలోకి తీస్తే ఉప్పు చోటు మారుతుందంతే. కారుచౌడుకు మాత్రం మట్టి పరీక్ష చేయించి చెప్పినంత జిప్సం వేసి, కలియదున్ని, నీరు నిలిపి కడగాలి. ఆ తరవాత రెండింటిలోనూ ఎకరానికి పన్నెండు, పదిహేను కిలోల జీలుగ చల్లి నలభై అయిదు రోజులకు పూత వేళ దున్నేయడం, వరికి ముందు ఇరవై కిలోల జింకు సల్ఫేటు. చౌడుకు ఓర్చే రకాల మీద గంగావతి పరిశోధన స్థానం ఏళ్లుగా పని చేస్తోంది. కానీ మురుగు కాలువ తవ్వాలంటే ఎవరో ఒకరు రెండు గుంటల నేల వదులుకోవాలి. ఎకరం ధర పెరిగిన ఊళ్లలో ఆ మనిషి దొరకడు.

కౌలు సంగతి వేరు. కర్ణాటకలో 1974 భూసంస్కరణల తరవాత కౌలు చట్టరీత్యా చెల్లదు. కాబట్టి కౌలంతా నోటిమాటే. నోటిమాట కౌలుదారుకు బ్యాంకు పంటరుణం లేదు, పంట పోతే పరిహారం పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఎరువు, మందు, దమ్ము డబ్బు అన్నీ కమిషన్ వ్యాపారి దగ్గరే. వడ్లు కోసిన రోజే అతని కాటాకు తోలాలి. తేమ ఆరబెట్టి నెల ఆగితే వచ్చే ధర కౌలుదారుకు ఎప్పుడూ రాదు. లెక్కకు ఎకరం ముప్పై బస్తాలు పండిందనుకోండి. కౌలు పన్నెండు పోగా మిగిలింది పద్దెనిమిది. విత్తనం, దమ్ము, ఊడ్పు, ఎరువు, మందు, కోత కలిపి పద్నాలుగు పదిహేను బస్తాల విలువ లాగేస్తాయి. మిగిలేది మూడు, నాలుగు. మెడవిరుపు వచ్చి అయిదు బస్తాలు తాలయితే మిగిలేది అప్పే. పట్టాదారుకు ఆ ఏడు కూడా పన్నెండు బస్తాలూ నికరం.

జలాశయం కూడా చిన్నదవుతూ వచ్చింది. కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 105.788 టీఎంసీలు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టంతా నిద్రపోలేదు. అప్పటికి ఊడ్పులు అయిన మడులు, అవుతున్న మడులు, నిండిన జలాశయం ఖాళీ అవుతుంటే చూస్తూ ఉండటం. మన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో పారే నీటిలోనే అడ్డుపలకలు దించి వారంలో ఆపగలిగారు. ఆ ఏడు పంట దక్కడం చాలా ఇళ్లకు ఆయన పెట్టిన భిక్షే.

ఈమధ్య పదిహేనేళ్లలో వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది పొడి దుక్కిలో నేరుగా విత్తే వరి. దమ్ము లేదు కాబట్టి ఆ పదిహేను రోజుల కొట్లాట లేదు. జూన్ వానకే విత్తుకుంటే కాలువ ఆలస్యమైనా మొక్క నేల మీద ఉంటుంది. శివారు ఊళ్లలో ఇది నిలిచిందంటే కారణం అదే. ఎకరానికి పదిహేను, ఇరవై కిలోల విత్తనం, అంగుళం, అంగుళంన్నర లోతు; రేగడిలో లోతు ఎక్కువైతే మొలక పైకి రాదు. విత్తి తడిసిన రెండు రోజుల్లోపు పెండిమిథాలిన్ కలుపుమందు, పదిహేను ఇరవై రోజులకు ఊద, తుంగ కలుపు రెండుమూడు ఆకులప్పుడు బిస్‌పైరిబాక్. ఈ రెండోది వారం ఆలస్యమైతే పంట కలుపుదే. మూడు వారాలకు కొత్త ఆకులు తెల్లబారితే యూరియా వేయకండి, అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండుసార్లు కొడితే తేరుకుంటుంది. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం సాంబ మసూరి కంటే మూడు, నాలుగు వారాలు ముందే కోతకు వస్తుంది, నవంబరులో కాలువ కట్టేసే లోపు గింజ గట్టిపడుతుంది. శివారుకు ఆ నెల రోజులే ప్రాణం.

క్యాంపుల్లో పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో, ఇంకా దూరాన అమెరికాలోనో ఉన్నారు. భూములు చాలావరకు కౌలుకి పోతున్నాయి. చేస్తున్నది ఎవరంటే, ఒకప్పుడు టెంపోల్లో ఊడ్పులకు వచ్చిన ఆ మెట్ట ఊళ్ల కుటుంబాలే. గట్టు ఎలా కుదరాలో, ఏ మడి మూల చౌడెక్కుతుందో, ఏ తూములో నీరు ఎప్పుడు తగ్గుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇప్పుడు పట్టాదారు ఇంట్లో ఎవరికీ తెలియదు. దూరాన ఉన్న పట్టాదారులు ఇప్పటికిప్పుడు చేయగలిగినవి మూడు ఉన్నాయి. పంట పోయిన ఏడు వచ్చిన పరిహారం కౌలుదారు చేతికి ఇవ్వడం. కౌలును నికరం పన్నెండు బస్తాలని కాకుండా పండినదాంట్లో మూడోవంతు అని మాట్లాడుకోవడం. మురుగు కాలువకు కావలసిన ఆ రెండు గుంటలు వదలడం.